సెగ పుట్టిన చోటు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఎలాంటిదో కాకినాడలో ఎవర్నడిగినా చెప్తారు. పేరు దంగేటి వీరభద్రరావు, ఇంజినీరింగు కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ని, వయసు యాభై ఆరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, అంతకంటే శ్రద్ధగా వెటకారం చేస్తున్నాను. మా గోదావరి వైపు వెటకారం రానివాణ్ణి మాటలు రానివాడి కిందే లెక్కేస్తారు. నా క్లాసుకి వేరే సెక్షన్ల పిల్లలు కూడా వచ్చి వెనక బెంచీల్లో ఇరుక్కుని కూర్చునేవారు. పాఠం కోసం కాదు, ఇవాళ ఎవడు బలవుతాడో చూడ్డానికి. ఈ సంగతి పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

మా కాలేజీ పిల్లలకీ పాలిటెక్నిక్ పిల్లలకీ ఆ ఏడాది బస్సుల కాంప్లెక్సులో మూడుసార్లు కొట్లాట జరిగింది. ఎందుకు జరిగిందో కొట్టుకున్నవాళ్ళకే తెలీదు. ఒకడు "ఆడు నావైపు అదోలా చూశాడండి" అంటాడు. ఇంకొకడు "అందరూ కొడుతుంటే నేనూ కొట్టానండి" అంటాడు. పేపర్లవాళ్ళు ఫోన్లన్నారు, పోలీసులు గంజాయన్నారు, మా ప్రిన్సిపాలు పెంపకమన్నారు. హీరోల అభిమాన సంఘాలన్నవాళ్ళున్నారు, గొంతు తగ్గించి కులం అన్నవాళ్ళూ ఉన్నారు. "గాలిలోనే ఏదో ఉందయ్యా" అన్నాను నేను. అది కూడా వెటకారానికే అన్నాను. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న జోసఫిన్ మాత్రం ఆ మాట నిజమనుకుని పనిలోకి దిగింది.

జోసఫిన్‌ది తాళ్ళరేవు. తక్కువ మాట్లాడే పిల్ల. మూడో కొట్లాటలో పాల్గొన్న కుర్రాళ్ళ చొక్కాలు పోలీసుల్ని అడిగి తెచ్చింది. వాటిలోని చెమటని నాలుగు నెలలపాటు చుక్కచుక్కగా విడదీసింది. ఆ చొక్కాలన్నిట్లో ఉండి, కబడ్డీ ఆడిన కుర్రాళ్ళ చొక్కాల్లో లేని పదార్థం ఒకటి దొరికింది. దానికి బారెడు పొడుగు కెమిస్ట్రీ పేరుంది. మేం ల్యాబులో 'సెగ' అని పిలుచుకున్నాం. మంట కనపడకముందే తగిలేది సెగే కదా. దాన్ని కొలవడానికి టిఫిన్‌డబ్బా అంత మీటరు ఒకటి మేమే తయారుచేశాం.

ఆ సెగని ఒక చుక్క దూది మీద వేసి కుర్రాళ్ళ చేత పీల్పించాం. వాసనంటూ ఏమీ ఉండదు. ఒక్కడే గదిలో కూర్చుని పీలిస్తే వాడికి దిగులు పుడుతుంది, ఇంటికెళ్ళిపోతానంటాడు. అదే నలుగురు స్నేహితుల మధ్య పీలిస్తే పిడికిళ్ళు బిగుస్తాయి, కాసేపటికి నలుగురి గుండెలూ ఒకే లయలో కొట్టుకోవడం మొదలెడతాయి. ఒక రోజు అలా నలుగురూ కలిసి మా గది తలుపు విరగ్గొట్టారు. ఎందుకు విరగ్గొట్టార్రా అంటే తెల్లమొహాలు వేశారు. పాతికేళ్ళు దాటినవాళ్ళకి ఇదేమీ ఎక్కదు. నేను ఏకంగా సీసా మూత తీసి పీల్చాను, తుమ్ము కూడా రాలేదు.

అసలది ఒంట్లో ఎప్పుడు పుడుతుందన్నదే అంతుపట్టలేదు. జోసఫిన్ కుర్రాళ్ళకి కోపం తెప్పించి చూసింది, భయపెట్టి చూసింది, మండుటెండలో పరిగెత్తించి చూసింది. మీటరు ముల్లు కదిలితే ఒట్టు. రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం నేను ల్యాబులోకి వెళ్ళేసరికి నత్తి ఉన్న కుర్రాడొకడు ఒంటికి వైర్లు తగిలించుకుని కూర్చున్నాడు. చుట్టూ వాడి తోటివాళ్ళున్నారు. పేరడిగితే "ప... ప... ప..." అంటున్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఒరే, నువ్వు పేరు చెప్పేలోపు మా ప్రాజెక్టు గడువు అయిపోయేలా ఉందిరా!" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. ముల్లు చివరికంటా లేచింది.

జోసఫిన్ మీటరు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"చూశావా! నా వెటకారం సైన్సుకి కూడా పనికొచ్చింది" అని పగలబడి నవ్వాను. ఆ కుర్రాడూ నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు.

అలా తెలిసింది, తోటివాళ్ళ ముందు తల దించుకోవాల్సి వచ్చినప్పుడు పుట్టేది సెగ అని. అది చొక్కాని అంటిపెట్టుకుని గంటల తరబడి ఉంటుంది. ఆ చొక్కా తొడుక్కున్నవాడు పదిమందిలో నిలబడితే పదిమందికీ ఎక్కుతుంది. అవమానం ఒకడిది, చెయ్యి లేచేది ఇంకొకడిది, దెబ్బ తినేది మూడోవాడు. దీని గురించి నేను పెద్ద వ్యాసం రాశాను. కుర్రాళ్ళని నలుగురిలో చులకన చెయ్యకూడదని కండక్టర్లకీ, పోలీసులకీ, తండ్రులకీ సలహాలిచ్చాను. ఆ వరసలో మాస్టర్లు అన్న మాట రాయాలని తోచలేదు. నమ్మండి, నిజంగానే తోచలేదు.

నాలుగో కొట్లాట ఆగస్టులో, ఒక గురువారం సాయంత్రం జరిగింది. రాజ్‌కిరణ్ అనే పాలిటెక్నిక్ కుర్రాడికి రాయి తగిలి ఎడమ కన్ను పోయింది. పందొమ్మిదేళ్ళు కూడా లేవు వాడికి. రాయి ఎవరు విసిరారో కెమెరాల్లో కనపడలేదు. మా కాలేజీ కుర్రాళ్ళు పదకొండు మంది దొరికారు. వాళ్ళ చొక్కాలు సీలు వేసి మాకు పంపించి, డీఎస్పీ గారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, సెగో పొగో మాకు తెలీదండి. మొదట ఎవడి దగ్గర మొదలైందో చెప్పండి చాలు. వాడిమీద కేసు కట్టేస్తాం."

సెగ మోసుకొచ్చినవాడు నేరస్థుడు కాదు బాబూ, వాడే మొదటి బాధితుడు అని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పోలీసులంతటివాళ్ళు నా మీటరు మాట కోసం కాచుక్కూచున్నారన్న గర్వం నా కళ్ళు కప్పేసింది.

పదకొండు చొక్కాల్లోనూ సెగ ఉంది గానీ, పాతదీ చిక్కటిదీ ఒక్కదాంట్లోనే ఉంది. అది మైలపల్లి సూరిబాబుది. మా మొదటి ఏడాది కుర్రాడే. ఉప్పాడ దగ్గర బెస్తవాళ్ళ పిల్లాడు, వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. తండ్రి లేడు. తల్లి నూకరత్నం రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. ఆవిడ సోమవారం పొద్దున్నే ల్యాబు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మావోడు సీమని తొక్కుతానేమోనని కిందకి సూసుకుని నడుత్తాడండి. ఆడు గొడవెట్టడం ఏంటండి మేష్టారూ? కేసు రాసేత్తే ఆడి సదువు ఆగిపోద్దండి. అడిగితే నోరిప్పట్లేదండి. మీ మిసనులో నిజం తెల్సుద్దంట కదండి?"

"తెలుస్తుందమ్మా. మిషను అబద్ధం చెప్పదు" అన్నాను, పెద్దమనిషిలా.

ఆవిడ అలా వెళ్ళగానే జోసఫిన్ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "సార్, సెగ పన్నెండు గంటలకి సగం విరిగి ఇంకో పదార్థమైపోతుంది కదా. చొక్కా సీలు చేసిన టైము నుంచి వెనక్కి లెక్కేశాను. ఇది కాంప్లెక్సులో పుట్టింది కాదు సార్. ఆ రోజు పొద్దున్న పుట్టింది."

"ఎన్నింటికి?"

"పదకొండూ ఇరవైకి. అయిదు నిమిషాలు అటూ ఇటూ."

టైంటేబులు నా వెనక గోడ మీద ఉంది. జోసఫిన్ దానివైపు చూడలేదు. నేనే తిరిగి చూశాను. గురువారం మూడో పీరియడు, మొదటి ఏడాది, కెమిస్ట్రీ. అంటే నేను.

నాకో అలవాటుంది. పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పుడు ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కులకి దిగుతూ ఇస్తాను, ఒక్కొక్కడికీ ఒక్కో చురక అంటించి. పైవాళ్ళకి చిన్నవి, కిందికి దిగేకొద్దీ పెద్దవి. ఆ గురువారం ఆఖరి పేపరు సూరిబాబుది. వాడు అరవైమంది మధ్యలోంచి నడిచొచ్చి చెయ్యి చాపాడు. అప్పుడొక మాటన్నాను. రొయ్యల షెడ్డు గురించి, వాళ్ళమ్మ గురించి. ఆ మాట ఇక్కడ రాయడానికి చెయ్యి రావట్లేదు. క్లాసంతా పడీపడీ నవ్వింది. సూరిబాబూ నవ్వాడు. వాడూ నవ్వాడు కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో!

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను మీటరు మీద పడ్డాను. "అసలు బ్లాంకు తీశావా?" అని గద్దించాను. బ్లాంకంటే సెగ లేదని ముందే తెలిసిన నమూనా. దాని దగ్గర మీటరు సున్నా చూపించాలి, చూపించకపోతే మీటరు చెడిపోయినట్టు. "ఉండు, బ్లాంకు నేను తెస్తాను. మా ఇంటికంటే ప్రశాంతమైన ఇల్లు ఈ ఊళ్ళో లేదు" అని స్కూటరెక్కాను.

మా అమ్మాయి మధూలిక ఇంటర్ రెండో ఏడాది. ముందురోజు వేసుకున్న దాని చున్నీ కుర్చీ మీద పడి ఉంది. సంచిలో పెడుతుంటే మా ఆవిడ సత్యవేణి వంటింట్లోంచి వచ్చింది.

"అదెందుకండీ?"

"మీటరు సున్నా చూపిస్తుందో లేదో చూడ్డానికి."

"అయితే సున్నా రాదు లెండి" అంది.

"అదేం?"

"నిన్న మా అన్నయ్యావాళ్ళు భోజనానికొచ్చినప్పుడు మీరు దాని ఫిజిక్సు మార్కులు రాగం తీసి మరీ పాడారు కదా. అది కంచం పట్టుకుని వంటింట్లోకొచ్చి, గోడవైపు తిరిగి తింది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి మీకు కనపడలేదు. ఎన్నోసారో ఇది!"

ఆవిడ కోపంగా కూడా అనలేదు. పాలవాడు రాలేదని చెప్పినట్టు చెప్పి లోపలికెళ్ళిపోయింది.

మీటరు సున్నా చూపించలేదు. ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటా పావు అని టైముతో సహా చూపించింది. "మీటరు బాగానే ఉంది సార్" అంది జోసఫిన్. నేను గొంతు సవరించుకుని, "పోలీసులు ఎవరని అడిగారు, ఎప్పుడని అడగలేదు. అడిగినదానికే జవాబిద్దాం" అన్నాను. రిపోర్టులో 'మొదటి మూలం మైలపల్లి సూరిబాబు' అని రాసి సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది గానీ వణకలేదు. చకచకా పెట్టేశాను.

సాయంత్రం చున్నీ తిరిగిస్తుంటే మధూలిక అడిగింది. "సున్నా వచ్చిందా నాన్నా?"

"రాలేదమ్మా."

"మరి మీటరు తప్పని రాసేశారా?"

"లేదు."

"అయితే నిజమే రాశారన్నమాట" అని దాని పాటికది చదువుకోవడానికి వెళ్ళిపోయింది. దానికి నామీద ఇంకా అంత నమ్మకముంది. పెళ్ళాం ముందు, కూతురి ముందు, శిష్యురాలి ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను.

బుధవారం పొద్దున్న సెమినార్ హాల్లో విచారణ. కాలేజీ ఛైర్మన్ గారు, ప్రిన్సిపాలు, డీఎస్పీ గారు బల్లకి అటువైపు. ఇటువైపు సూరిబాబు నిలబడి ఉన్నాడు. వెనక గోడ పక్కన కుర్చీ అంచుమీద నూకరత్నం కూర్చుంది. నేను లేచి, నా రిపోర్టు సగమే నిజమని చెప్పాను. సెగ పుట్టింది పదకొండూ ఇరవైకనీ, నా క్లాసులోననీ, కారణం నా నోరేననీ చెప్పేశాను. జోసఫిన్ లెక్కల కాగితం బల్లమీద పెట్టాను.

ఛైర్మన్ గారు ఒక్క క్షణం చూసి పకపకా నవ్వారు. "మాటకే కన్ను పోతే ఈ జిల్లాలో ఒక్కడికీ కళ్ళుండవండీ మాస్టారూ! కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఊరుకోండి."

డీఎస్పీ గారు నవ్వలేదు. సూరిబాబు వైపు తిరిగారు. "ఏరా, సార్ క్లాసులో నిన్నేమైనా అన్నారా?"

సూరిబాబు ఒకసారి వెనక్కి, వాళ్ళమ్మ వైపు చూశాడు. తర్వాత నేలవైపు చూస్తూ, "ఏం అన్లేదండి. సార్ మంచోరండి" అన్నాడు.

గురువునన్న భక్తి అనుకున్నాను, కాకపోతే భయమనుకున్నాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వాడలా అనగానే నా గుండెకి హాయిగా అనిపించింది. గండం గడిచిందనిపించింది. ఇదంతా జరిగాక కూడా! ఛీ, ఏం మనిషిని!

"ఏంటి సార్ ఇది?" అన్నారు డీఎస్పీ గారు విసుగ్గా. "సోమవారం ఒకటి రాసిచ్చారు, ఇవాళ ఇంకోటి అంటున్నారు. కుర్రాడేమో ఏమీ అన్లేదంటున్నాడు. మీ క్లాసులో విన్నవాళ్ళెవరైనా రాసిస్తే వీడి పేరు తీసేస్తాను. లేదంటే మధ్యాహ్నానికి కేసు కట్టెయ్యాల్సిందే. పైనుంచి ఒత్తిడి ఉంది."

గోడ పక్కనుంచి నూకరత్నం లేచింది. "రాయించండి మేష్టారూ, మీ కాళ్ళట్టుకుంటానండి" అంది. సూరిబాబు "అమ్మా, నువ్వూరుకో" అన్నాడు. వాడి గొంతు ఎందుకంత గట్టిగా ఉందో ఆ క్షణాన నాకు తట్టలేదు.

తిన్నగా క్లాసుకి నడిచాను. మొదటి ఏడాది పిల్లలంతా ఉన్నారు. నన్ను చూడగానే సర్దుకుని కూర్చున్నారు. కొందరి మొహాల్లో అప్పుడే నవ్వు రెడీగా ఉంది.

"మార్కులిచ్చిన రోజు సూరిబాబుని నేను ఒక మాటన్నాను. గుర్తున్నవాళ్ళు లేవండి. అది కాగితం మీద రాసిస్తే వాడు కేసులోంచి బయటపడతాడు."

ఒక్కరూ లేవలేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నామీద భయమనుకుని, "నేనేం చేస్తానో అని చూడకండి. నిజం రాయండి" అన్నాను. మొదటి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. మెహరున్నీసా, ఎప్పుడూ మొదటి పేపరు అందుకునే పిల్ల.

"భయం కాదండి. మీరు రోజూ ఎవరో ఒకర్ని అంటారు కదండీ. ఆ రోజుది ఏదో గుర్తు లేదండి" అంది. ఆ పిల్ల మాటలో రవ్వంత వెటకారం కూడా లేదు.

అరవైమంది నవ్విన మాట ఒక్కరికీ గుర్తు లేదు. మోసుకెళ్ళినవాడికి తప్ప.

"గుర్తు చేస్తే రాస్తారా?"

"రాస్తామండి" అన్నారు అందరూ.

తప్పలేదు. వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పలేక బోర్డువైపు తిరిగాను. ఎలా అన్నానో అలాగే అంటేగానీ గుర్తురాదనిపించి, అదే గొంతుతో, అదే సాగదీతతో అన్నాను.

"ఏరా సూరిబాబూ, పేపరు ముట్టుకుంటే రొయ్యల కంపు కొడుతోందేంట్రా? ఆన్సర్లు కూడా మీ అమ్మే షెడ్డులో కూర్చుని ఒలిచి పెట్టిందేంటి?"

క్లాసు గొల్లుమంది. వాళ్ళ తప్పు కాదు. అలా అన్నప్పుడు అలా నవ్వాలని నేర్పింది నేనే. ఆ నవ్వు వెనక బెంచీల దగ్గర మొదట ఆగింది, తర్వాత మధ్యలో ఆగింది, ఆఖరికి ముందు వరసలో కూడా ఆగిపోయింది. అందరూ వెనక తలుపువైపు చూస్తున్నారు. నేనూ తిరిగాను.

కాగితాల కోసం నా వెనకే వచ్చినట్టున్నారు, గుమ్మంలో డీఎస్పీ గారూ ప్రిన్సిపాలూ నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన నూకరత్నం. ఆవిడ వెనక సూరిబాబు.

వాడు విచారణలో అబద్ధమెందుకాడాడో అప్పుడర్థమైంది నాకు. నామీద భక్తీ కాదు, భయమూ కాదు. ఆ మాట వాళ్ళమ్మ చెవిన పడకూడదు, అంతే. దానికోసం కేసు మీద వేసుకోవడానికి సిద్ధపడ్డాడు, చదువు పోయినా సరే అనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు అన్నాళ్ళుగా పంటిబిగువున దాచుకున్నదాన్ని, వాణ్ణి కాపాడతానని వచ్చి నేనే విప్పి ఆవిడ ముందు పెట్టాను. అదీ అరవైమంది నవ్వులతో సహా.

పిల్లలు రాశారు. తలలెత్తకుండా రాశారు. యాభై ఎనిమిది కాగితాలు. కొందరి కాగితాలు తడిశాయి. డీఎస్పీ గారు వాటిని మడిచి జేబులో పెట్టుకుని, సూరిబాబు పేరు తీసేస్తున్నట్టు ప్రిన్సిపాలుకి అక్కడే చెప్పారు.

అందరూ వెళ్ళాక నూకరత్నం బెంచీల మధ్యలోంచి నా దగ్గరికొచ్చింది. కొడుకు నడిచొచ్చిన దారే అది. బల్లకి రెండడుగుల దూరంలో ఆగి, పమిట చెంగు చేతులకి చుట్టుకుంది.

"అది నిజవేనండి మేష్టారూ. ఎంత సబ్బెట్టి రుద్దినా పోదండి" అంది. తర్వాత చెంగు విప్పి రెండు చేతులూ జోడించింది. "మావోడి సదువు నిలబెట్టారండి. మీ మేలు మర్సిపోనండి."

అందులో వెటకారమేమైనా ఉందేమోనని వెతికాను. ఉంటే బతికిపోదును. లేదు.

"అమ్మా, వద్దమ్మా, నేను..." అన్నాను.

సూరిబాబు గబగబా వచ్చాడు. నావైపు చూడలేదు. జోడించిన వాళ్ళమ్మ చేతులు రెండూ పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

"పదమ్మా, బస్సెళ్ళిపోద్ది" అన్నాడు.